35 శాతం సబ్సిడీ లోను కోసం బ్రోకర్‌కి డబ్బులు కట్టాలా?

కావలి_గానుగ
మాది కావలి పక్కన పల్లె. చెన్నైలో ఏడేళ్లు పనిచేసి పోయిన సంక్రాంతికి వచ్చేశాను. మా ఆవిడా నేనూ కలిసి చెక్క గానుగ పెట్టి వేరుశనగ, నువ్వుల నూనె తీద్దామనుకున్నాం. రెండు గానుగలు, షెడ్డు, త్రీ ఫేజ్ కరెంటు, మొదటి విడత పప్పు అన్నీ కలిపి 12 లక్షల లెక్క తేలింది. చేతిలో ఉన్నది లక్షా ఎనభై వేలు.

సబ్సిడీ లోను ఉందని ఊళ్లో ఒకాయన ఇంకొకాయన దగ్గరికి తీసుకెళ్లాడు. ప్రాజెక్టు రిపోర్టుకి ముందే 15 వేలు కట్టాలట. సబ్సిడీ పడ్డాక అందులో పదో వంతు ఆయనకివ్వాలట. నేను ఓసీ కాబట్టి నా పేరు మీద తక్కువ వస్తుందనీ, మా ఆవిడ పేరు పెడితే 35 శాతం వస్తుందనీ చెప్పాడు. సొంతంగా కనుక్కుందామని బ్యాంకుకి వెళ్తే, కూర్చోకముందే 'ఈ ఏడాది టార్గెట్ అయిపోయింది' అన్నారు. వారం నుంచి ఒకటే టెన్షన్. ఆయనకి కట్టేయమంటారా?

పెన్నా_గట్టు
కట్టొద్దు. ఆ 15 వేలతో పప్పు కొనుక్కో.

ఒంగోలు_గిత్త
ఆయన చెప్పింది పీఎంఈజీపీ, అంటే కొత్తగా యూనిట్ పెట్టుకునేవాళ్లకి కేంద్రం ఇచ్చే సబ్సిడీ లోను స్కీము. 2008 నుంచి ఉంది. 35 శాతం మాట అబద్ధం కాదు. జనరల్ కేటగిరీ మగవాళ్లకి పల్లెలో 25, పట్టణంలో 15 శాతం. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలు, మాజీ సైనికులు, దివ్యాంగులు, ఇంకా ఏ కులమైనా సరే ఆడవాళ్లకి పల్లెలో 35, పట్టణంలో 25. చేతి నుంచి పెట్టాల్సిన వాటా జనరల్‌కి 10 శాతం, మిగతావాళ్లకి 5. తయారీ యూనిట్‌కి 50 లక్షల దాకా, సర్వీసు యూనిట్‌కి 20 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. 2022కి ముందు ఇవి 25 లక్షలు, 10 లక్షలే ఉండేవి. ఇప్పటికీ చాలామంది ఆ పాత లెక్కే చెప్తుంటారు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. దానికి ఫీజంటూ ఏమీ లేదు. నెల్లూరులో జిల్లా పరిశ్రమల కేంద్రానికి నేరుగా వెళ్లి అడుగు. ఈ ఏడాది దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో కూడా అక్కడే తేలిపోతుంది.

కావలి_గానుగ
షెడ్డు కావలి టౌన్‌లో బాడుగకి చూశాం. అది పట్టణం కిందకి వస్తుందా?

ఒంగోలు_గిత్త
మున్సిపాలిటీ లోపలైతే పట్టణమే. పంచాయతీలో ఉంటే పల్లె. మీ ఊళ్లో ఆడించి టౌన్‌లో అమ్ముకో. 12 లక్షల మీద పది శాతం తేడా అంటే లక్షా ఇరవై వేలు.

నెల్లూరు_ట్రంకురోడ్డు
అందరూ కట్టొద్దంటారు గానీ నేను కట్టాను. నా ఫైలు మూడు నెలల్లో కదిలింది. మా బావమరిది సొంతంగా తిరిగాడు, ఏడాదిన్నర పట్టింది. ఈరోజు ఈ సంతకం, రేపు ఆ కొటేషను, ఎల్లుండి సారు సెలవు. పని మానుకుని నెల్లూరు చుట్టూ తిరిగేవాడి కూలీ ఎవరిస్తారు? ఫారాలు నింపడం రానివాడు ఒకరి సాయం తీసుకుంటే తప్పేముంది?

పెన్నా_గట్టు
సాయం తీసుకోవడం తప్పు కాదన్నా. ఫారం నింపినందుకు వెయ్యో రెండు వేలో అడిగితే ఇవ్వొచ్చు. సబ్సిడీలో పదో వంతు అంటే 42 వేలు. రేపు నష్టమొస్తే ఆయన అందులో పదో వంతు కడతాడా?

కందుకూరు_కూడలి
ట్రంకురోడ్డు అన్న చెప్పిన తిరుగుడు మాత్రం నిజం. 2022 ఏప్రిల్‌లో కందుకూరుని ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలో కలిపినప్పుడు నా కాగితాలు ఒంగోల్లో ఉన్నాయి. అక్కడికి పోతే నెల్లూరు అన్నారు, నెల్లూరు పోతే ఒంగోలు నుంచి రావాలన్నారు. చివరికి మళ్లీ కొత్తగా వేశాను. అంత తిరిగినా ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. ఆలస్యమైంది, అంతే.

సింగరాయకొండ_గేటు
నేను ఇక్కడ రాయడం తక్కువ. ఇది చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

2019లో పేపర్ ప్లేట్ల యూనిట్ పెట్టాను. నాకు కావలసింది 6 లక్షలు. మాకు దొరికిన మనిషి 'ఆరేంది, పద్దెనిమిది పెడదాం, సబ్సిడీనే ఆరు దాకా వస్తుంది, నీకు ఊరికే వచ్చినట్టు' అన్నాడు. మేమూ ఓసీలమే. అమ్మ పేరు పెట్టమన్నాడు, ఆడవాళ్లకి 35 అని. అమ్మ ఎనిమిదో తరగతి పాసైంది గానీ బ్యాంకు కాగితాలు ఆమెకి అర్థం కావు. ఏ కాగితం మీద సంతకం పెడుతోందో ఆమెకి తెలియదు, నేనూ సరిగ్గా చదవలేదు. మిషన్ల కొటేషను రెండింతలు రాయించారు. బ్యాంకు డబ్బు నేరుగా డీలర్ ఖాతాలోకి పోయింది. మిగిలింది తిరిగి ఇస్తానన్నవాడు సగం కూడా ఇవ్వలేదు.

ప్లేట్లు బాగానే వచ్చేవి. కానీ చుట్టుపక్కల అప్పటికే నాలుగు యూనిట్లున్నాయి. కరోనాలో పెళ్లిళ్లు ఆగిపోయాయి. ఏడాదిన్నరకి మూతేశాం. తనిఖీకి వచ్చినవాళ్లు తాళం చూసి వెళ్లారు, సబ్సిడీ ప్రభుత్వానికి వెనక్కి పోయింది. అప్పు మొత్తం అమ్మ పేరు మీద మిగిలింది. బాకీ అడగడానికి వచ్చినాయన అరుగు మీద కూర్చుంటే అమ్మ లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చిచ్చింది. 'ఎంత కట్టాలి నాయనా' అని అడిగింది. ఆయన చెప్పలేక నా వైపు చూశాడు. ఆ రోజు నేను పడ్డ బాధ ఇంకెవరూ పడకూడదు.

ఇప్పుడు టంగుటూరులో పనిచేస్తూ తీరుస్తున్నాను. ఇంకా రెండేళ్లుంది. తమ్ముడూ, మీ ఆవిడ పేరు పెట్టే ముందు ఆలోచించు.

బుచ్చి_పొదుపక్క
సింగరాయకొండ తమ్ముడూ, మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పు.

పదహారేళ్లుగా పొదుపు సంఘం లీడర్‌గా ఉన్నాను, ఈ మాట చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది. ఆడదాని పేరు మీద లోను తెచ్చి, మగవాడు నడిపి, మునిగాక ఆమెని బ్యాంకులో నిలబెట్టే పని మానుకోండి. 35 శాతం ఇచ్చింది ఆమె వ్యాపారం చేస్తుందని. దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డ జిల్లా ఇది. ఆ ఉద్యమం తర్వాతే ఇక్కడ రోజుకో రూపాయి దాచి పొదుపు సంఘాలు కట్టుకున్నాం. పేరు ఆమెది అయితే పాస్‌బుక్కు, చెక్కుబుక్కు, షెడ్డు తాళం కూడా ఆమె దగ్గరే ఉండాలి.

కావలి తమ్ముడూ, మీ ఆవిడని అడిగావా అసలు?

కావలి_గానుగ
అడిగానక్కా. అంటే, చెప్పాను. సరే అంది.

బుచ్చి_పొదుపక్క
చెప్పడం వేరు, అడగడం వేరు.

పాత_క్యాష్‌కౌంటర్
బ్యాంకులో 34 ఏళ్లు పనిచేశాను. అందులో పదకొండేళ్లు ప్రకాశం జిల్లా పల్లె బ్రాంచీల్లోనే. సబ్సిడీ అనే మాట దగ్గరే అందరూ పొరబడుతున్నారు కాబట్టి లెక్క వేసి చెప్తాను.

12 లక్షల ప్రాజెక్టు, ఆడవాళ్ల పేరు, పల్లె అనుకుందాం. మీ వాటా 60 వేలు. బ్యాంకు మంజూరు చేసేది 11 లక్షల 40 వేలు. సబ్సిడీ 4 లక్షల 20 వేలు వస్తుంది, కానీ మీ చేతికి రాదు. అదే బ్యాంకులో మీ పేరున మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటుంది. దానికి బ్యాంకు వడ్డీ ఇవ్వదు, అంత మేరకు లోను మీద వడ్డీ తీసుకోదు కూడా. అంటే మీరు వడ్డీ కట్టేది 7 లక్షల 20 వేల మీద. మూడేళ్లు యూనిట్ నడిచి, తనిఖీలో ఉన్నట్టు తేలితే అప్పుడు ఆ డిపాజిట్‌ని లోనులో సర్దుతారు. మధ్యలో మూతపడితే సింగరాయకొండ అబ్బాయికి జరిగినట్టే. ఈ మూడేళ్లూ కిస్తీలు మాత్రం మీ నూనె డబ్బులతోనే కట్టాలి. 'సబ్సిడీ పడ్డాక పదో వంతు' అన్న మనిషికి, సబ్సిడీ పడినా మీ చేతిలో రూపాయి ఉండదని తెలుసు. అది మీ జేబులోంచే పోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. మంజూరు కాకముందే ఆవేశపడి గానుగ కొనొద్దు బాబూ. పీఎంఈజీపీ కొత్త యూనిట్లకే. స్థలం కొన్న ఖర్చు కూడా ప్రాజెక్టులో కలపనివ్వరు. షెడ్డు బాడుగ అయితే పరవాలేదు.

నెల్లూరు_ట్రంకురోడ్డు
సార్, మరి బ్యాంకువాళ్లు మొహం చూడకుండానే టార్గెట్ అయిపోయింది అంటే మేమేం చేయాలి? మీరు సీట్లో ఉన్నప్పుడు మీరూ అన్నారా?

పాత_క్యాష్‌కౌంటర్
అన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు. ఇప్పుడు తలచుకుంటే బాధగా ఉంటుంది. మేనేజరుకి ఉండే భయం ఒక్కటే, ఈ ఖాతా మొండి బాకీ అయితే రేపు తనే సంజాయిషీ ఇచ్చుకోవాలి. అందుకే అరువు తెచ్చిన ప్రాజెక్టు రిపోర్టు పట్టుకొచ్చినవాడిని చూస్తే మనసు ఒప్పదు. ఒకే బ్రోకర్ రాసినవి పది వస్తాయి, పదింటిలోనూ అవే అంకెలు, ఊరి పేరు ఒక్కటే మారుతుంది.

నేను ఎవరికి వెంటనే ఇచ్చానో చెప్తాను. దర్శి వైపు నుంచి ఒకామె పిండిమర పెడతానని వచ్చింది. రిపోర్టు అడిగితే సంచిలోంచి పిల్లల నోటుబుక్కు తీసింది. ఏ ఊళ్లో ఎన్ని ఇళ్లు, ఎవరు జొన్నలు ఆడిస్తారు, ఎవరు రాగులు, ఇప్పుడు ఎంత దూరం పోతున్నారు, పండక్కి ముందు ఎన్ని కిలోలు, అంతా పెన్సిలుతో రాసుంది. కరెంటు బిల్లుకి వేరే పేజీ. ఆ పుస్తకం చూశాక రిపోర్టు మా ఆఫీసరే కూర్చుని తయారుచేశాడు. ఆమె ఒక్క కిస్తీ తప్పలేదు.

బాబూ, నిన్ను నాలుగు ప్రశ్నలు అడుగుతాను. కిలో నూనెకి ఎంత పప్పు పడుతుంది? పప్పు ఎక్కడ కొంటావు? నెలకి ఎంత నూనె ఎవరికి అమ్ముతావు? నూనె తీశాక మిగిలే చెక్క ఎవరు కొంటారు?

కావలి_గానుగ
మొదటిదానికి జవాబు తెలుసు సార్, రెండున్నర కిలోలు. మిగతావాటికి ఇంకా లెక్క లేదు. చెక్క సంగతి అసలు ఆలోచించలేదు.

పాత_క్యాష్‌కౌంటర్
రెండున్నర కిలోల పప్పు ఆడిస్తే కిలో నూనె పోను మిగిలేదంతా చెక్కే కదా. దాన్ని లెక్కలో వేయకపోతే ఎట్లా?

తాళ్లూరు_టైలర్
మధ్యలో నా ముక్క ఒకటి. చేతివృత్తుల వాళ్లకి పీఎం విశ్వకర్మ ఉంది. 2023 సెప్టెంబరులో పెట్టారు, 18 వృత్తులకి. శిక్షణకి రోజుకి 500 ఇచ్చారు, పనిముట్లకి 15 వేల వోచరు ఇచ్చారు, ఆ తర్వాత లక్ష లోను 5 శాతం వడ్డీకి. నేను ఓవర్‌లాక్ మిషను కొన్నాను. గానుగకి పనికిరాదు గానీ ఇక్కడ చదివే వడ్రంగులు, కుమ్మరులు ఎవరైనా ఉంటే పోయి కనుక్కోండి.

పెన్నా_గట్టు
ముద్ర లోను ఎందుకు తీసుకోకూడదు? తాకట్టు లేదు, ఇంత తతంగం లేదు.

ఒంగోలు_గిత్త
ముద్రలో సబ్సిడీ లేదన్నా. శిశు 50 వేల దాకా, కిశోర్ 5 లక్షల దాకా, తరుణ్ 10 లక్షల దాకా. తరుణ్ తీసుకుని సరిగ్గా తీర్చినవాళ్లకి 20 లక్షల దాకా అని 2024లో పెంచారు. చిన్నగా ఒక గానుగతో మొదలుపెట్టేవాడికి మంచిదే. ఇక తాకట్టంటావా, 10 లక్షల లోపు చిన్న పరిశ్రమల లోనుకి ఏ బ్యాంకూ ఆస్తి తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకే చెప్పింది. పీఎంఈజీపీకీ అదే వర్తిస్తుంది. పొలం కాగితాలు తెమ్మంటే ఈ మాట మర్యాదగా గుర్తుచేయి.

కోవూరు_పచ్చళ్లు
ఒక్కరూ చెప్పట్లేదేంటి? నూనె కూడా తినేదే కదా! ఆహార యూనిట్లకి పీఎంఎఫ్ఎంఈ అని 2020లో వేరే స్కీము తెచ్చారు. అందులో కులం, ఆడా మగా తేడా లేకుండా అందరికీ 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు. మన వాటా మాత్రం 10 శాతం పెట్టాలి. నేను రొయ్యల పచ్చడి, చేపల పచ్చడికి అందులోనే తీసుకున్నాను. జిల్లాకి రిసోర్స్ పర్సన్లని పెట్టారు. దరఖాస్తు, రిపోర్టు అన్నీ వాళ్లే దగ్గరుండి చేయించారు. వాళ్లకి ప్రభుత్వమే డబ్బిస్తుంది, మనం టీ ఇప్పిస్తే చాలు. సబ్సిడీ ఇక్కడ కూడా మూడేళ్లు బ్యాంకులోనే ఉంటుంది, కౌంటర్ సార్ చెప్పినట్టే. పొదుపు సంఘాల్లో ఇలాంటి పని చేసే సభ్యులకి మనిషికి 40 వేల దాకా పెట్టుబడి సాయం కూడా ఇందులో ఉంది.

కాబట్టి అన్నా, నీ పేరు మీదే 35 వస్తుంది. వదిన పేరు అరువు తెచ్చుకునే అవసరం లేదు. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో మాత్రం ముందు కనుక్కో.

సింగరాయకొండ_గేటు
ఈ మాట నాకు ఎవరైనా చెప్పుంటే... అప్పటికి ఈ స్కీమే లేదులే. కోవూరక్కా, మంచి మాట చెప్పావు.

పెన్నా_గట్టు
రొయ్యల పచ్చడి అన్నావు కాబట్టి అడుగుతున్నా, నెల్లూరులో ఎక్కడ దొరుకుతుందక్కా?

కోవూరు_పచ్చళ్లు
మెసేజ్ పెట్టు అబ్బాయ్, ఇక్కడ వ్యాపారం మాట్లాడితే తిడతారు.

కావలి_గానుగ
ఇది రాస్తున్నది ఆయన కాదు, నేను, ఆయన భార్యని. ఫోన్ తీసుకుని మొత్తం చదివాను.

మా పుట్టిల్లు ఉదయగిరి వైపు. మా తాతకి ఎద్దు గానుగ ఉండేది. నాకు పదేళ్లు వచ్చేదాకా తిరిగింది. తొలి నూనె కారేటప్పుడు తాత రెండు వేళ్లతో పట్టి చూసి, పప్పు ఎండిందో లేదో చెప్పేవాడు. తేమ ఉంటే నూనె నురగ కడుతుంది. గానుగ పెడదామన్న ఆలోచన నాది. ఆయన లెక్కలన్నీ చూసుకుంటున్నారు కాబట్టి పేరు సంగతి నేను పట్టించుకోలేదు. ఇప్పుడు అక్క అడిగిందని చెప్తున్నాను, నా పేరు మీదే పెట్టాలి. సబ్సిడీ కోసం కాదు. ఆయన అమ్మకాలు చూసుకుంటారు, ఆడించేది నేను.

డిగ్రీ చదివాను. కాగితాలు చదవగలను. పీఎంఈజీపీలో మా వాటా 60 వేలు, ఇంకోదాంట్లో లక్షా ఇరవై. చేతిలో ఉన్న లక్షా ఎనభైలో పప్పుకి మిగలాలంటే మొదటిదే నయం అనిపిస్తోంది. సార్, ఇది సరైన ఆలోచనేనా?

పాత_క్యాష్‌కౌంటర్
సరైనదేనమ్మా. ఒకే యూనిట్‌కి రెండు సబ్సిడీలు కుదరవు కాబట్టి ఏదో ఒకటే ఎంచుకోవాలి. నువ్వు వేసిన లెక్క బ్యాంకులో కూర్చున్నవాడికి నచ్చే లెక్క. ఒక్క సలహా. రెండు గానుగలు వద్దు, ఒకదానితో మొదలుపెట్టు. ఆ తాత సంగతి మేనేజరుకి కూడా చెప్పు, సిగ్గుపడొద్దు.

బుచ్చి_పొదుపక్క
అమ్మాయ్, చల్లగా ఉండు. నెల్లూరు వచ్చినప్పుడు బుచ్చిలో దిగు, మా సంఘం ఇరవై ఇళ్లకీ నీ నూనే.

నెల్లూరు_ట్రంకురోడ్డు
నేను పైన కట్టమన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. చెల్లెమ్మా, ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా పేరు నమోదు చేసుకునేటప్పుడు జాగ్రత్త. అది ఉచితం, ఆధార్, పాన్ ఉంటే చాలు. ప్రభుత్వానిదిలాగే కనిపించే ప్రైవేటు సైట్లు ఉన్నాయి, మా తమ్ముడు అట్లాంటిదాంట్లో రెండు వేలు పోగొట్టుకున్నాడు. బ్యాంకు మళ్లీ టార్గెట్ అంటే, జిల్లాలో బ్యాంకులన్నిటి లోన్ల సంగతి చూసే లీడ్ బ్యాంకు మేనేజరుని కలవండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, అక్కడ రాసివ్వండి. రసీదు తీసుకోవడం మరిచిపోవద్దు.

ఒంగోలు_గిత్త
పీఎంఈజీపీలో ఈడీపీ అని వ్యాపారం నడపడం నేర్పే శిక్షణ ఉంటుంది, అది కూడా గుర్తుపెట్టుకోండి. ప్రాజెక్టు 5 లక్షలు దాటితే పది రోజులు. అది పూర్తికాకపోతే సబ్సిడీ రాదు.

కావలి_గానుగ
నేనే, ఆయన కాదు. మధ్యలో రెండు నెలలు అయింది, ఏం జరిగిందో చెప్పాలి కదా.

ఒక గానుగకి తగ్గించి 7 లక్షలకి ప్రాజెక్టు వేశాం. మొదటి రోజు పరిశ్రమల కేంద్రంలో రెండు గంటలు కూర్చున్నాం. ఆ తర్వాత ఒక మేడం గంటన్నర ఓపిగ్గా చూసి, రిపోర్టులో తప్పులు ఎర్ర పెన్నుతో దిద్దిచ్చింది. బ్యాంకులో మొదటి మాట మళ్లీ అదే, టార్గెట్. నేను నోటుబుక్కు తీసి టేబుల్ మీద పెట్టాను. మా చుట్టూ ఆరు ఊళ్లలో ఎవరింట్లో నెలకి ఎంత నూనె వాడతారో ఇంటింటికీ తిరిగి రాసుకున్నది. మేనేజరుగారు పేజీలు తిప్పి, 'ఇది ఎవరు రాశారు' అన్నారు. నేనే అన్నాను. కుర్చీ చూపించారు.

నిన్న మంజూరు లెటరు వచ్చింది. మా వాటా 35 వేలు కట్టేశాం. ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. ఆ 15 వేల ఆయన దారిలో కనిపించి మొహం తిప్పుకున్నాడు.

సింగరాయకొండ_గేటు
చాలా సంతోషం చెల్లెమ్మా. అమ్మకి చదివి వినిపించాను.

పాత_క్యాష్‌కౌంటర్
నా నాలుగో ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు. చెక్క ఎవరు కొంటారమ్మా?

కావలి_గానుగ
మా ఊళ్లో పదకొండు ఇళ్లలో గేదెలున్నాయి సార్. ఎనిమిది మంది తీసుకుంటామన్నారు. మిగతాది ఎక్కడ అమ్మాలో చూస్తున్నాను.

కందుకూరు_కూడలి
మాకు నాలుగు గేదెలు. వారానికో బస్తా వేరుశనగ చెక్క రాసుకో చెల్లెమ్మా, గానుగ తిరిగిన రోజు ఫోన్ చేస్తే నేనే బండి వేసుకుని వస్తా.